ట్రెంటు ఒడ్డున పాకం

లండను చూచి వచ్చిన మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. షేక్స్పియరు పుట్టిన ఇల్లు చూచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊరు చూచి వచ్చానన్న తెలుగువాణ్ణి మాత్రం నేనింతవరకు ఎరగను. పనిగట్టుకొని చూడవలసిన అందం అక్కడ ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. ఎర్ర ఇటికెల ఇళ్ళ వరసలు, నెమ్మదిగా పారే ట్రెంటు నది, వరద వచ్చినప్పుడు నీళ్ళు నిలవడానికి వదిలేసిన పచ్చికబయళ్ళు, వాటిమీద బాతులూ హంసలూ - అంతే. మా మేనల్లుడు పదకొండు మైళ్ళ దూరాన ఉన్న డెర్బీ పట్నంలో విమాన యంత్రాల కర్మాగారంలో ఇంజనీరు. రైలెక్కితే ఇంటినుంచి పావుగంట కూడా పట్టదని బర్టన్ లో కాపురం పెట్టాడు. 2025 మే నెలలో నేనూ మా ఆవిడా ఆరు వారాలు వాళ్ళింట్లో ఉన్నాము.

ఆ ఊరికి అందం లేకపోయినా వాసన ఉన్నది. రైలు దిగగానే ఏదో ఉడుకుతున్న వాసన ముక్కుకు తగిలింది. కాస్త పప్పు పొంగినట్టూ, కాస్త రొట్టె మాడినట్టూ ఉన్నది.

"మావయ్యా, ఇది ఊరి వాసన. రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాడు మా వాడు.

బర్టన్ బీరు ఊరు. ఆ వాసనలో సగం బీరు కాచే కార్ఖానాలది. తక్కిన సగం మార్మైట్ అనే నల్లటి లేహ్యం తయారుచేసే కర్మాగారానిది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని రొట్టెకు పూసుకొని తింటారు. బీరు పులిసిన తరువాత అడుగున మిగిలే ఈస్టు ఊళ్ళో పుష్కలంగా దొరుకుతుంది కనుక 1902లో ఆ పరిశ్రమను ఇక్కడ పెట్టారు. మా ఆవిడ ఒకసారి నాలుక చివర వేసుకొని చూచి, "ఇంతకంటె మన చింతపండు పచ్చడి మడ్డి నయం" అని తీర్పు చెప్పింది.

బీరు పేరెత్తగానే మన ఇళ్ళలో మొహాలు ముడుచుకొంటాయని నాకు తెలుసు. నేను తాగేవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు విశాఖ జిల్లాలో ఒక చక్కెర మిల్లులో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. రసాలు కొలవడం నా వృత్తి. ఏ ఊరు వెళ్ళినా అక్కడ ఏ రసం, ఎంత చిక్కన, దాన్ని ఎట్లా కొలుస్తారు అని చూచే రోగం నాకింకా వదలలేదు. బర్టన్ లో ఆ రోగానికి మంచి మేత దొరికింది.

ఊరి చరిత్ర నీళ్ళలో ఉన్నది. భూమి అడుగున జిప్సం పొరలుండడంవల్ల బర్టన్ బావుల నీళ్ళలో ఆ ఉప్పు బాగా కరిగి ఉంటుంది. పదకొండో శతాబ్దంలో ఇక్కడ మఠం పెట్టుకొన్న సన్యాసులనాటినుంచీ ఈ నీటితో బీరు కాస్తూనే ఉన్నారు. మొదట్లో ఇక్కడి సరుకు బాల్టిక్ సముద్రంమీదుగా రష్యాకు పోయేది. ఆ వ్యాపారం చెడిపోయినాక 1820ల్లో అల్‌సోప్ అనే ఆయన మన దేశానికి పంపడానికి తేలికరంగు బీరు కాయడం మొదలుపెట్టాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల్లో దిగిన పీపాలవల్లనే ఈ ఊరు బాగుపడింది. "ఇండియా పేల్ ఏల్" అన్న పేరు మీరు వినే ఉంటారు. పేరులో ఇండియా ఉన్నా, తాగింది కంపెనీ దొరలు. వెనుకటి శతాబ్దపు చివరి రోజుల్లో అనవలసింది, ఇప్పుడు అంతకు ముందు శతాబ్దమనాలి కాబోలు, 1880ల నాటికి ఈ చిన్న ఊళ్ళో ముప్పై దాకా బ్రూవరీలుండేవి. బ్రూవరీల సొంత రైలు పట్టాలు వీధులకు అడ్డంగా పోయేవి. గేటు వేసినప్పుడల్లా ఊరు ఊరంతా ఆగి నిలబడేది. 1967లో ఆ రైళ్ళు ఆగిపోయాయి. బ్రూవరీ మ్యూజియం కూడా ఒకటి ఉండేది. అది 2022లో మూతబడింది. ఒకదానికొకటి గొట్టాలతో కలిపిన పీపాల వరసలో బీరు పులియబెట్టే పాత పద్ధతిని ఊళ్ళో చివరిదాకా నిలబెట్టిన బ్రూవరీ కూడా 2024లో దానికి స్వస్తి చెప్పింది. ఇప్పటికీ పెద్ద పెద్ద వెండిరంగు ట్యాంకుల్లో బీరు తయారవుతూనే ఉన్నది కాని, వాటిని రోడ్డుమీదనుంచి చూడవలసిందే.

చూడవలసినది నాకు మావాడి పక్కింట్లో దొరికింది.

పక్కింటాయనకు డెబ్భై నాలుగేళ్ళు. బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. ఆయన తండ్రి బ్రూవరీలో పీపాలు కట్టే పనివాడు. పెరటి చివర చెక్కల షెడ్డులో ఈయన నెలకొకసారి సొంతానికి బీరు కాచుకొంటాడు. "ఇంట్లోనే కాస్తారా? పోలీసులు పట్టుకోరూ?" అని మా ఆవిడ గాభరా పడింది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే నేరమే. ఇంగ్లండులో కూడా 1963 దాకా లైసెన్సు కావలసి వచ్చేది. ఆ ఏడాది బడ్జెట్టులో మాడ్లింగ్ అనే ఆర్థికమంత్రి దాన్ని తీసేశాడు. అప్పటినుంచి అమ్మకుండా ఇంట్లో తాగడానికి ఎంతైనా కాచుకోవచ్చు. పైగా ఇది మనవాళ్ళు సారా కాచినట్టు ఆవిరి పట్టే పని కాదు. అది లైసెన్సు లేకుండా అక్కడా నేరమే. ఇది గింజలను నానబెట్టి, తీపి రసం తీసి, మరగబెట్టి, చల్లార్చి పులియబెట్టడం మాత్రమే.

కంచెమీదుగా రెండు రోజులు పలకరించుకొన్నాక, నేను చక్కెర మిల్లు మనిషినని తెలిసి ఆయన, "అయితే శనివారం పొద్దున మీరు తప్పకుండా రావాలి. లెక్క తెలిసిన మనిషి పక్కనుంటే నాకు ధైర్యం" అన్నాడు. ఆ శనివారం మామూలు బీరు కాదు. ఆయనకు మార్చి నెలలో మనవరాలు పుట్టింది. ఆ పిల్లకు పద్ధెనిమిదేళ్ళు నిండిననాడు, అంటే 2043లో, తెరవడానికి సీసాలు దాచాలి.

ఇది ఆయన కల్పించుకొన్న ముచ్చట కాదు. ఈ ఊళ్ళో పాత మర్యాదే. బాస్ కంపెనీ భాగస్వాములు రాట్‌క్లిఫ్ కుటుంబంలో కొడుకు పుడితే 1869లో ప్రత్యేకంగా ఒక గట్టి ఏల్ కాచి సీసాల్లో పెట్టారు. 1902లో ఏడవ ఎడ్వర్డు రాజు ఊరికి వచ్చినప్పుడు స్వయంగా ఆయన చేతనే ఒక కాపు మొదలుపెట్టించి, దానికి కింగ్స్ ఏల్ అని పేరు పెట్టారు. ఇట్లాంటివి పదుల ఏళ్ళు నిలవుండాలంటే మొదటి రసం చిక్కగా ఉండాలి. నీళ్ళ మజ్జిగ రేపటికి చెడినట్టు, పలచని బీరు కొద్ది నెలల్లో చప్పబడిపోతుంది.

ఆ చిక్కదనాన్నే వాళ్ళు గ్రావిటీ అంటారు. ఇల్లాండ్రు భయపడనక్కరలేదు, ఇది లెక్కల పాఠం కాదు. నీళ్ళను వెయ్యి అనుకోండి. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి కదా. లీటరు రసం కిలో యాభై గ్రాములు తూగితే దాని గ్రావిటీ 1050. పాలవాడు నీళ్ళు కలిపాడా అని చూచే లాక్టోమీటరు వంటిదే ఒక గాజు బుడ్డి, హైడ్రోమీటరు, రసంలో వేస్తే తేలి అంకె చూపిస్తుంది. మామూలు బీరుకు 1040 నుంచి 1050 చాలు. మనవరాలి బీరుకు ఆయన పెట్టుకొన్న గురి 1090. మా మిల్లు భాషలో చెప్పాలంటే ఇరవై ఒకటిన్నర బ్రిక్సు పై చిలుకు, మంచి చెరకు తొలిరసంకంటె చిక్కన.

"1986లో మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా చేశాను. 1090 అనుకొన్నాను, 1072 దగ్గర ఆగిపోయింది. పోనీలే అని సీసాలు నింపేశాను. దాని పద్ధెనిమిదో పుట్టినరోజున తీస్తే తడిసిన అట్టముక్క వాసన! పిల్ల నవ్వేసి ఊరుకొంది. అప్పటికి నా వయసు యాభై మూడు, ఇంకోసారి చేద్దాంలే అనుకొన్నాను" అన్నాడు. 2043 నాటికి ఆయనకు తొంభై రెండేళ్ళు వస్తాయి. ఆ లెక్క ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

శనివారం ఏడు గంటలకే షెడ్డులో ఉన్నాను. మా వాడు కాఫీ ఫ్లాస్కుతో వెనకాల వచ్చాడు.

పని మొదట మాల్టుతో. బార్లీని మొలకెత్తించి, మొలక పెరగకుండా వేడిగాలిలో ఆరబెడితే మాల్టు. మన రాగులను మొలకగట్టి ఎండబెట్టి పసిపిల్లలకు జావ చేసినట్టే. ఆ మొలకలోనే పిండిని తీపిగా మార్చే గుణం ఉన్నది. ఆయన ఆరు కిలోల మాల్టు మర పట్టించి తెచ్చాడు. దాన్ని విహారాలకు తీసుకుపోయే పెద్ద ఐసుపెట్టెలో పోసి, పదిహేను లీటర్ల వేడినీళ్ళు కలిపి, కర్ర తెడ్డుతో ఉండలు కట్టకుండా కలియబెట్టాడు. మన ఇంట్లో ఉప్మాకు రవ్వ పోసేటప్పటి ఆత్రమంతా ఆ తెడ్డులో కనిపించింది. థర్మామీటరు 66 డిగ్రీలు చూపించగానే మూత పెట్టి, పైన పాత దుప్పటి కప్పాడు. ఐసు చల్లగా ఉంచే పెట్టె వేడినీ అట్లాగే ఉంచుతుంది.

ఈ 66లో ఒక రహస్యం ఉన్నది. అరవై, అరవై అయిదు మధ్య ఉంచితే పిండి పూర్తిగా పులిసిపోయే చక్కెరగా మారుతుంది. డెబ్భై దగ్గరకు పోతే పులియని చిక్కని తీపి ఎక్కువవుతుంది. గ్రావిటీ అంకె రెండింటికీ దాదాపు ఒకటే రావచ్చు, బీరు మాత్రం వేరు. అంకె ఒకటే చూచేవాడికి ఈ తేడా తెలియదు. చెరకురసంలో కూడా ఇంతే, బ్రిక్సు ఉన్నదంతా పంచదార కాదు.

బర్టన్ నీళ్ళ మహిమ కూడా ఇక్కడే తెలిసింది. జిప్సంలోని కాల్షియం మాల్టుతో కలిసి గుజ్జును కాస్త పుల్లబరుస్తుంది. పీహెచ్ 5.2కూ 5.6కూ మధ్య ఉంటే పిండి బాగా కరుగుతుంది. మేమేమో మిల్లులో సున్నం పోసి పులుపు చంపేవాళ్ళం. ఒక్కొక్క రసానికి ఒక్కొక్క ధర్మం!

గంట గడిచింది. ఒక చుక్క గుజ్జు పింగాణీ పళ్ళెంలో వేసి, దానిమీద అయోడిన్ చుక్క వేశాడు. పిండి మిగిలి ఉంటే నల్లగా మారుతుంది. మారలేదు. అడుగున ఉన్న కుళాయి తిప్పితే తేనెరంగు రసం సన్నని ధారగా దిగింది. ధార మొదట చిక్కన. పైనుంచి వేడినీళ్ళు చిలకరిస్తూ గింజలను కడుగుతుంటే క్రమంగా పలచనయింది. మరీ చివరిదాకా పిండితే పొట్టులోని వగరు దిగుతుందని ఆపేశాడు. కుండలో చల్లారిన లెక్కకు ఇరవై రెండు లీటర్లు.

ఆయన లెక్క ఇది. మంచి మాల్టు కిలోకు మూడువందల పాయింట్లు ఇవ్వగలదు. పాయింటంటే ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ పెంచే శక్తి. ఆరు కిలోలకు పద్ధెనిమిది వందలు. ఇంటి పనిముట్లతో అందులో ముప్పాతిక వంతు చేతికందుతుంది, అంటే 1350. దాన్ని మరగించి పదిహేను లీటర్లకు దించితే లీటరుకు తొంభై. గోడమీద సుద్దతో వ్రాసి ఉన్నది.

ఒక గ్లాసుడు రసం పొడుగాటి గాజు గొట్టంలో పోసి హైడ్రోమీటరు వేశాడు. అది మునిగిపోయి 1039 దగ్గర నిలిచింది.

మనిషి మొహం పాలిపోయింది. ఉండవలసినది 1061. "ఇదీ అయిపోయింది" అని స్టూలుమీద కూలబడ్డాడు.

నేను గొట్టాన్ని ముట్టుకొన్నాను. చెయ్యి చురుక్కుమన్నది. ఆ గాజు బుడ్డిని 20 డిగ్రీల వేడిమికి గుర్తులు వేసి తయారుచేస్తారు. అరవై డిగ్రీల రసంలో వేస్తే పదిహేను డిగ్రీలకు తక్కువ కాకుండా అబద్ధమాడుతుంది. వేడి రసం వ్యాకోచించి తేలికవుతుంది కదా. ఆయనకు ఇది తెలియదని కాదు, నలభై ఏళ్ళుగా కాస్తున్నాడు. ఆత్రంలో మరచిపోయాడు. గొట్టాన్ని చన్నీళ్ళ బకెట్టులో నిలబెట్టి అయిదు నిమిషాలు కూర్చున్నాము. మళ్ళీ చూస్తే 1054.

పోయిన ప్రాణం సగం తిరిగి వచ్చింది. సగమే! 61కి 54. ఇరవై రెండు లీటర్లను యాభై నాలుగుతో గుణిస్తే 1188 పాయింట్లు. పద్ధెనిమిది వందలలో మూడింట రెండు వంతులే చేతికందింది.

ఎక్కడ పోయిందని గింజల పిప్పి చేత్తో కెలికి చూచాము. నలగని గింజలు పుట్లకొద్దీ కనబడ్డాయి. మర ఎడంగా ఆడింది. మాల్టు మర పట్టడం అంత తేలిక విద్య కాదు. ఇడ్లీరవ్వకంటె కాస్త ముతకగా, లోపలి పప్పు విడేటట్టు, పైపొట్టు మాత్రం చిరగకుండా విరగాలి. ఆ పొట్టే రసానికి వడపోత గుడ్డ. మెత్తగా పిండి చేస్తే రేగడిమట్టిలా బిగుసుకుపోయి చుక్క దిగదు. ముతకగా ఉంటే తీపి గింజలోనే ఉండిపోతుంది. ఇది చాలక, గింజ ఎక్కువై కడిగే నీళ్ళు తక్కువైనప్పుడు పాలు తగ్గడం సహజం. పలచని బీరుకు ముప్పాతిక వంతు వచ్చే మనిషికి గట్టి బీరుకు అంత రాదు. 1986లోనూ జరిగింది ఇదే కావాలి.

"మావయ్యా, ఇందులో ఇబ్బందేమున్నది? నాలుగువందల ఇరవై గ్రాముల పంచదార పోస్తే అంకె సరిపోతుంది" అన్నాడు మా ఇంజనీరు, సెల్లుఫోనులో లెక్క కట్టి. లెక్క సరిగ్గానే ఉన్నది. పంచదారతో జీవితం గడిపిన నేను తల ఊపుతాననుకొన్నాడు కాబోలు.

పెద్దాయన వినలేదు. పంచదార పాపమేమీ కాదు. ఇంగ్లండులో 1847 నుంచి బీరులో చక్కెర పోయడానికి చట్టమే ఒప్పుకొన్నది, పెద్ద కంపెనీలన్నీ పోశాయి. కాని పంచదార మొత్తం పులిసి సారమంతా మత్తుగా మారుతుంది. బీరుకు ఒళ్ళు మిగలదు. పద్ధెనిమిదేళ్ళు బతకవలసిన దానికి ఒళ్ళు కావాలి. పైగా, "గింజలోనుంచి వచ్చిందే పిల్లకు ఇస్తానని మాట అనుకొన్నాను" అన్నాడు. డబ్బాలో అమ్మే మాల్టు పాకం కూడా బల్లమీద ఉన్నది. దానివంక కూడా చూడలేదు.

"మరగించండి" అన్నాను.

అనకాపల్లి పక్క పల్లెల్లో బెల్లం వండేవాళ్ళను చూచినవారికి ఇందులో వింత లేదు. పెనంలో రసం ఎంత కాగినా తీపి ఎక్కడికీ పోదు, పోయేది నీరే. అరిసెల పాకం పట్టే ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు. 1188ని తొంభైతో భాగిస్తే పదమూడు లీటర్ల రెండువందల మిల్లీలీటర్లు. పదిహేను వద్ద ఆపవలసిన కుండను అక్కడిదాకా దించితే గురి చేరుతుంది. నష్టం సుమారు రెండు లీటర్లు, అంటే అయిదారు చిన్న సీసాలు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "సీసాలు తగ్గితే తగ్గుతాయి. పిల్ల ఒక్కతే కదా" అని మంట పెంచాడు.

ఈ మరగడానికి రెండున్నర గంటలు పడుతుందని తేలింది. ఆ విరామంలో ఆయన నాకు ఈ గాజు బుడ్డి కథ చెప్పాడు. పూర్వం బీరు కాచేవాళ్ళకు నాలుకా వేలే కొలమానం. 1760ల చివర ఆల్టన్ అనే ఊళ్ళో జేమ్స్ బావర్‌స్టాక్ అనే యువకుడు హైడ్రోమీటరు తెచ్చుకొని, తండ్రికి ఈ కొత్త పోకడలు గిట్టవు గనుక చాటుగా కొలిచి చూచుకొనేవాడట. 1784లో హల్ పట్నపు జాన్ రిచర్డ్‌సన్ దీనిమీద పుస్తకమే వ్రాశాడు. కొలత వచ్చాక తమాషా బయటపడింది. చవక అనుకొంటున్న నల్లమాల్టులో సారం తక్కువ, ఖరీదైన తెల్లమాల్టులో సారం ఎక్కువ. లీటరు లెక్కన చూస్తే ఖరీదైనదే చవక. దానితో లండను బీరు వంటకమే మారిపోయింది.

సర్కారు ఊరుకొంటుందా? 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టుమీద పన్ను తీసేసి, పులియకముందు రసానికున్న గ్రావిటీ మీద పన్ను వేశాడు. 1057 గ్రావిటీగల ముప్పై ఆరు గేలన్ల పీపాకు ఆరు షిల్లింగుల మూడు పెన్నీలు. అప్పటినుంచి 1993 దాకా, అంటే నూటపదమూడేళ్ళు, ఇంగ్లండులో బీరుకు పన్ను ఈ బుడ్డి చెప్పిన అంకెను బట్టే పడింది. గురి తప్పి అంకె ఎక్కువైతే పన్ను నష్టం, తక్కువైతే ఖాతాదారు గొణుగుడు. ఆయన తండ్రి పనిచేసిన బ్రూవరీలో ఎక్సైజు ఉద్యోగి లోపలికి వస్తుంటే అందరూ మాటలు ఆపేసేవారట. మా మిల్లులో కూడా రికవరీ లెక్కలు చూచే అధికారి వస్తే ఇదే నిశ్శబ్దం!

హాప్సు పూలు వేసే వేళయింది. కెంటు సీమలో పండే గోల్డింగ్సు రకం. చేదుకూ, నిలవకూ అవి కావాలి. మొత్తం మరిగే కాలం పెరిగింది గనుక, వాటిని ముందు అనుకొన్న వేళకు వేస్తే ఎక్కువసేపు కాగిపోతాయి. అందుచేత ఆపే సమయంనుంచి వెనక్కి లెక్క కట్టి గంట ముందు వేశాము. షెడ్డు నిండా పచ్చిగడ్డీ నిమ్మతొక్కా కలిసిన ఘాటు. రసం తేనెరంగునుంచి రాగిరంగుకు తిరిగింది. ఎక్కువసేపు కాగితే రంగు ముదురుతుంది, కాస్త మాడుతీపి వస్తుంది. దానికి ఆయనకు అభ్యంతరం లేదు.

ఇక ఆపడమే అసలు పని. ఆయన కుండలోకి దించి చూచుకొనే కర్రమీద లీటరు గీతలున్నాయి. పదమూడుంపావు దగ్గర ఆపుదామన్నాడు. మరుగుతున్న నీరు చల్లని నీటికంటె నూటికి నాలుగు వంతులు ఎక్కువ చోటు తీసుకొంటుంది. చల్లారాక 13.2 కావాలంటే ఇప్పుడు గీత 13.7 దగ్గరే ఉండాలి. అది చెప్పాను. కర్ర తుడిచి కత్తితో కొత్త గాటు పెట్టాడు. అదీగాక గీతను నమ్మి కూర్చోలేము, బుడ్డి మాట కూడా వినాలి. బుడ్డి మాట వినాలంటే రసం చల్లారాలి. చల్లారే అయిదు నిమిషాల్లోనూ కుండ కాగుతూనే ఉంటుంది. బెల్లం వండేవాడు పాకాన్ని నీళ్ళలో వేసి ఉండ చేసి చూచేలోపు పెనం ముదిరిపోవడం ఇట్లాంటిదే. అందుకే చేయితిరిగిన వంటవాడు పాకం ఇంకా రాకముందే మంట తీస్తాడు.

రెండుగంటల ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు తీశాము. బకెట్టులో ఐసు వేసి పెట్టాము. ఎవరూ మాట్లాడలేదు. మా వాడు వాచీ చూస్తున్నాడు. బుడ్డి 1086 దగ్గర తేలింది.

పెద్దాయన చెయ్యి మంట తగ్గించే పిడిమీదికి పోయింది. "నాలుగే కదా తక్కువ" అన్నాడు. ఆ నాలుగులో ఆయనకు భయం వినిపించింది నాకు. దాటిపోతుందేమోనని.

"దాటితే ఒక చెంబెడు కాచిన నీళ్ళు పోస్తే దిగుతుంది. తక్కువైతే మళ్ళీ కుండ ఎక్కించాలి. గ్లాసు తీసి అప్పుడే అయిదు నిమిషాలయింది, ఇంకో అయిదు కానివ్వండి" అన్నాను. ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకొన్నాడు.

అయిదు నిమిషాలకు కర్ర కొత్త గాటును తాకింది. మంట ఆపేశాడు. రాగిగొట్టం చుట్టను కుండలో దించి దాంట్లో చన్నీళ్ళు పారించి అరగంటలో రసం చల్లార్చాడు. తరువాత కదిపి, అడుగూ మీదా కలిసేటట్టు చేసి ఆఖరి గ్లాసు తీశాడు. చిక్కటిది అడుగునా పలచనిది మీదా పేరుకొంటే ఆ అంకె చెల్లదు. బుడ్డిని మెల్లగా తిప్పి వదిలాడు. అంటుకొన్న గాలిబుడగలు బుడ్డిని పైకి లేపుతాయి, అవి రాలిపోవాలి. అది నిలకడగా నిలిచేదాకా వంగి కళ్ళు రసం మట్టానికి తెచ్చాడు.

1090.

"మీరు చదవండి" అని నన్ను పిలిచాడు. చదివాను. మా వాణ్ణి కూడా పిలిచాడు. వాడూ అదే చెప్పాడు. అప్పుడు గోడమీది సుద్ద లెక్క తుడిచేసి, తండ్రి నాటి చిన్న పుస్తకంలో పెన్సిలుతో అంకె వ్రాసుకొన్నాడు. మళ్ళీ రసాన్ని బాగా గిలకొట్టి గాలి తగిలించి ఈస్టు వేశాడు. ఇంత చిక్కని రసంలో ఈస్టుకు ఊపిరాడాలంటే ఆ గాలి కావాలి.

సాయంత్రం ఆయన భార్య మా అందరికీ టీ ఇచ్చింది. మా ఆవిడ పూర్ణాలు చేసి పట్టుకెళ్ళింది. కూతురు కూడా మనవరాలిని ఎత్తుకొని వచ్చింది. షెడ్డులోనుంచి వచ్చే వాసనకు ఆ పసిది తుమ్మింది, అందరూ నవ్వారు. పెద్దాయన తుమ్మును కూడా పుస్తకంలో వ్రాశాడు.

మేము ఇంటికి తిరిగి వచ్చిన మూడు వారాలకు మా వాడినుంచి ఫోనులో కబురు వచ్చింది. పులియడం ఆగిందట, బుడ్డి 1022 దగ్గర నిలిచిందట. లెక్క కడితే నూటికి తొమ్మిది దగ్గర మత్తు, మిగతా ఒళ్ళు బీరులోనే ఉన్నది. మడ్డి పోగా ముప్పై నాలుగు సీసాలు వచ్చాయి. ఏటా పుట్టినరోజున ఒకటి తీసి రుచి చూస్తూ పోతే పదిహేడు ఖర్చవుతాయి. మిగతా పదిహేడింటికి లక్కతో మూత వేసి, మెట్లకింద చీకటి గూట్లో పెట్టాడట. ప్రతి సీసా మీద పిల్ల పేరు, తేదీ, దాని కింద 1090. మా వాడి చేత తెలుగులో కూడా పిల్ల పేరు వ్రాయించుకొన్నాడట, రెండు సీసాల మీద.